ఎడమవైపు కూర్చున్న అమ్మ

"ఆకలి నానమ్మా... అమ్మ నాకు కొంచెమే పెట్టింది!"

ఎనిమిదేళ్ళ పిల్ల ఆ మాట అనడం, అత్తగారి చేతిలోని నీళ్ళ గ్లాసు బల్ల మీద టక్కున దిగడం ఒకేసారి జరిగాయి.

"కొంచెమేంటే? ప్లేటులో సగం అలాగే ఉంచుకుని ఆకలంటావేం? ఎవరి దగ్గర నేర్చుకున్నావే ఈ పేచీలు? ఎవరి దగ్గరో ఎందుకులే! వీధిలో పిల్లలందరికీ చదువు చెబుతుంది మీ అమ్మ. సొంత పిల్లకి అన్నం తినడం మాత్రం నేర్పలేకపోయింది!"

కోడలు, అత్తగారు విసురుగా వంటింట్లోకి వెళ్ళేదాకా ఆగింది. ఆ తర్వాత పిల్ల ముందున్న ప్లేటుని రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా సగం చుట్టు తిప్పింది. అంతే! ఎడమవైపున్న అన్నం కుడివైపుకి వచ్చింది. పిల్ల కళ్ళు మెరిశాయి.

"ఇప్పుడు పెట్టావా అమ్మా!" అంటూ ఆవురావురుమని తినసాగింది.

పదకొండు రోజులుగా ఆ ఇంట్లో ఆ ప్లేటు అలా ఎవరి కంటా పడకుండా తిరుగుతోంది.

ఆ పిల్లని ఇంట్లో అందరూ పిచ్చుక అంటారు. నిద్రలో తప్ప నోరు మూసేది కాదు కాబట్టి ఆ పేరు. తొమ్మిది వారాల కిందట తల్లి స్కూటర్ మీద వెనక కూర్చుని, లెక్కల్లో తనకెన్ని మార్కులొచ్చాయో, పక్క బెంచీ పిల్లకి ఎన్ని తగ్గాయో చెబుతూ ఉండగా, నాలుగు రోడ్ల కూడలిలో ఎడమవైపు నుంచి లారీ దూసుకొచ్చింది. తగల్లేదు. దాన్ని తప్పించబోయి స్కూటర్ పడింది. పిల్ల తల పేవ్‌మెంటు రాయికి కొట్టుకుంది. తల్లికి మోచెయ్యి గీరుకుపోయింది... అంతే! ఆ 'అంతే' అన్నదే ఆమె చేసిన నేరం. "పిల్లకి మూడు కుట్లు, తల్లికి మోచేతి మీద గీత! ఎక్కడైనా విన్నామా?" అని అత్తగారు చూడ్డానికి వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్. మాట తక్కువ మనిషి. ఆరోజు ఆసుపత్రి వరండాలో అతను అన్నది ఒక్కటే మాట. "దీనికేమన్నా అయితే ఇక జన్మలో నీ మొహం చూడను."

ఆరోజు స్కానింగులో ఏమీ కనపడలేదు. కుట్లు మానాయి. కానీ పిచ్చుక నోరు మూతపడింది, అవసరమైతే తప్ప మాట లేదు! హారన్ మోగితే బల్ల కింద దూరేది. నిద్రలో ఉలిక్కిపడి లేచేది. క్లాసులో పిలిస్తే పలికేది కాదు. ఆఖరికి స్కూలు హెడ్మిస్ట్రెస్ కబురు పెట్టింది. పిల్లల సైకాలజిస్టు చూసి, తెలివితేటలు మామూలుగానే ఉన్నాయని కాగితం రాసిస్తేనే క్లాసులో కూర్చోబెడతాం, లేకపోతే వేరే స్కూలు చూసుకోండి!

కళ్ళజోళ్ళ షాపు పైన రెండో అంతస్తులో ఉంటుంది ఆ సైకాలజిస్టు గది. పిల్లలందరూ ఆవిడని 'ఇసుక డాక్టరమ్మ' అంటారు. గోడ పొడుగునా అరలు. ఆ అరల నిండా బొటనవేలంత బొమ్మలు... ఇళ్ళు, కంచెలు, గుర్రాలు, సైనికులు, వంతెనలు, పాములు, పెళ్ళికూతుళ్ళు. మధ్యలో బల్ల మీద చెక్క ట్రే, దాన్నిండా సన్నటి ఇసుక. అడుగున నీలం రంగు. ఇసుక పక్కకి తోస్తే చెరువు, కుప్ప పోస్తే కొండ. పిల్ల తనిష్టమొచ్చిన బొమ్మలు తనిష్టమొచ్చిన చోట పెడుతుంది. డాక్టరమ్మ ఎందుకని అడగదు, ఇలా పెట్టమని చెప్పదు. నోటితో చెప్పలేనిది పిల్లలు చేత్తో చెబుతారట!

మొదటిరోజు మాత్రం ఆవిడ తన పరీక్షల పెట్టె కూడా తెరిచింది. ఎరుపూ తెలుపూ రంగుల చెక్క ఘనాలు, చూసి గియ్యాల్సిన బొమ్మ, తిరగేసి చెప్పాల్సిన అంకెలు. దెబ్బ తగిలిన మెదడు ఎలా పనిచేస్తోందో వాటితో తెలుస్తుందట. పిచ్చుక సగంలో ఏడుపు లంకించుకుంది. "పరవాలేదు తల్లీ, కొన్నాళ్ళు ఇసుకలో ఆడుకో. పరీక్షలు తర్వాత చూద్దాం" అని ఆవిడ పెట్టె మూసేసింది.

కానీ మూలన కుర్చీలో కూర్చున్న తల్లి ఆ పెట్టెలో ఉన్నదంతా చూసేసింది!

పన్నెండేళ్ళుగా ట్యూషన్లు చెబుతున్న మనిషి. పరీక్ష అంటే ఆమెకి తెలిసిన విద్య ఒక్కటే. ప్రశ్నలు ముందే తెలిస్తే మొద్దబ్బాయి చేత కూడా నూటికి తొంభై తెప్పించగలదు. ఆ సాయంత్రమే చెక్క ఘనాలు కొని రంగులు వేసింది. అత్తగారు పక్కింటికి వెళ్ళినప్పుడల్లా తలుపేసి పిల్ల చేత సాధన చేయించింది. "తిరగేసి చెప్పు. ఏడు, రెండు, తొమ్మిది!" "తొమ్మిది... రెండు... ఏడు." "నా బంగారమే!"

ఇంతలో, పదకొండు రోజుల కిందట, ఈ ఎడమ గొడవ మొదలైంది. పిల్ల నోటుబుక్కులో కుడిసగం పేజీలోనే రాస్తోంది. కుడిచెవి వైపు జుట్టే దువ్వుకుంటోంది. ఎడమవైపు నుంచి పలకరిస్తే కుడివైపు వెతుకుతోంది. చూపు పోయిందా అంటే, లేదు. చేత్తో గడ్డం పట్టుకుని తిప్పితే అన్నీ కనపడతాయి. తనంతట తాను మాత్రం తిరగదు. ప్రపంచంలో ఎడమ అనేది ఒకటుందనే మర్చిపోయినట్టు!

తల్లి ఎవరితో చెప్పింది? ఎవరితోనూ లేదు! స్కానింగు బాగుంది కదా, అలసటేమో, అదే పోతుందిలే అని తనకి తాను చెప్పుకుంది. పైగా కాగితం రావాల్సిన సమయం! పిల్ల ఎడమ మణికట్టుకి ఎర్ర రబ్బరు బ్యాండు వేసింది. "ఏం చేసినా ముందు ఎర్ర బ్యాండు ఎక్కడుందో వెతుకు. అక్కణ్ణుంచి మొదలుపెట్టు. మర్చిపోకే తల్లీ!" పిచ్చుక మర్చిపోలేదు. కిందటివారం పెట్టిన పరీక్షలో బ్యాండు వెతుక్కుంటూ, కంఠతా పట్టిన ఘనాలు పేర్చేసింది.

ఈరోజు ఆ ఫలితం తేలే రోజు.

మధ్యాహ్నం మూడింటికి డాక్టరమ్మ తలుపు తెరిచింది. నవ్వుతోంది!

"లోపలికి రండమ్మా. మార్కులు బాగా వచ్చాయి. వయసుకి తగ్గట్టే ఉన్నాయన్నీ. ఇదిగో, స్కూలుకి కాగితం."

తల్లి కాగితం అందుకుంది. గెలిచింది! అత్తగారి నోరు మూతపడుతుంది, భర్త మళ్ళీ తన మొహం చూస్తాడు... ఆ ఆనందంలోనే ఆమె చూపు బల్ల మీద పడింది.

ఇసుక ట్రే. పిచ్చుక ఇప్పుడే పేర్చింది. కుడివైపు జాతర! ఇళ్ళ మీద ఇళ్ళు, గుర్రాల పక్కన బాతులు, బాతుల నెత్తిన సైనికులు, ఒకదాన్నొకటి తోసుకుంటూ ఇరుక్కుని ఉన్నాయి. ఎడమవైపు ఒక్క బొమ్మ లేదు. వేలిముద్ర కూడా లేదు. కత్తితో కోసినట్టు, సరిగ్గా మధ్యకి సగం ట్రే ఖాళీ!

"మీరు కంగారుపడకండి" అంది డాక్టరమ్మ, ఆమె మొహం చూసి. "మొదట్లో ఆ వైపు కూడా కొన్ని పెట్టేది. రెండు వారాలుగా బొత్తిగా మానేసింది. లారీ వచ్చింది ఆ వైపు నుంచే కదా. ఆ జ్ఞాపకం పైకి తేలుతోంది, అందుకే ఆ వైపంటే భయం. పరీక్షలు ఇంత బాగా చేసింది కాబట్టి మెదడు గురించి నాకు అనుమానం లేదు. ఇది మనసుకి తగిలిన దెబ్బ. ఆర్నెల్లు ఆడుకోనివ్వండి, నెమ్మదిగా అదే నిండుతుంది."

దొంగకి తేలు కుట్టినట్టు నిలబడిపోయింది తల్లి. భయమట! రోడ్డు అంటే భయం సరే. ట్రే అంటే భయం కూడా సరే అనుకుందాం. కానీ... ప్లేటులోంచి లారీ రాదు కదా!

అయినా తల ఊపింది. కాగితం బ్యాగులో పెట్టుకుంది. పిల్ల చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.

మెట్ల దగ్గర పిచ్చుక ఎడమ భుజం తలుపు చట్రానికి ధడేలున కొట్టుకుంది. పిల్ల ఏడవలేదు. తెల్లబోయి కుడివైపు చూసింది. "ఎవరమ్మా నన్ను కొట్టింది?" అంది. ఆ మరుక్షణమే నుదురు పట్టుకుని, "తలనొప్పి..." అంటూ అక్కడే భళ్ళున వాంతి చేసుకుంది.

బ్యాగులో కాగితం. చేతిలో పిల్ల. ముందు నుయ్యి, వెనక గొయ్యి! మెట్లు దిగితే ఇల్లు నిలబడుతుంది. వెనక్కి తిరిగితే... చేసిందంతా బయటపడుతుంది. మొగుడి మాట తెలుసు, ఊరికే అనే మనిషి కాదు. స్కూటర్ పడేసింది చాలక, రోగం దాచిపెట్టిన తల్లి అని లోకం ఉమ్మేస్తుంది. దిగితే దక్కుతాడు భర్త. మరి పిల్ల?

ఆమె పిల్లని చంకనేసుకుని వెనక్కి పరిగెత్తింది!

"ఈ కాగితం అబద్ధం డాక్టరు గారూ!" కాగితాన్ని బల్ల మీద పెట్టేసి అక్కడే కూలబడింది. "ఆ పరీక్ష రాసింది నా కూతురు కాదు... నేను! మీ పెట్టెలో ఏముందో చూసి ఇంట్లో నేర్పించాను. అంకెలు నేర్పించాను, ఘనాలు నేర్పించాను. ఎడమవైపు అది చూడట్లేదని తెలిసి... బ్యాండు వేసి... అయ్యో, ప్లేటు తిప్పితే గాని అన్నం తినట్లేదండీ నా పిల్ల! పదకొండు రోజులైంది... నా చేతులు విరిగిపోనూ, దాచిపెట్టాను!"

డాక్టరమ్మ మొహంలో రంగు మారింది. "నా పరీక్షకి ట్యూషన్ చెప్పావా?" అప్పటిదాకా మీరు అన్న మనిషి ఆ ఒక్క క్షణం నువ్వులోకి దిగిపోయింది. "ఆ మార్కుల్ని నమ్మే కదమ్మా నేను..."

మాట పూర్తి చెయ్యలేదు. తిట్టడానికి టైము లేదు. పిల్ల చేతి బ్యాండు తీసేసి, తెల్లకాగితం మీద ఒక గీత గీసింది. "దీని మధ్యలో చుక్క పెట్టు తల్లీ." పిచ్చుక చుక్క పెట్టింది... కుడి చివరన! "గడియారం బొమ్మ వెయ్యి." వేసింది. పన్నెండు అంకెలూ కుడివైపునే, రద్దీ బస్సులో జనంలా ఒకదానిమీదొకటి పడి ఉన్నాయి.

డాక్టరమ్మ ఒక్కసారి కళ్ళు మూసుకుని తెరిచింది. "తప్పు నాదీ ఉంది. ఇసుక నిజమే చెప్పింది. నేనే దాన్ని భయం అనుకున్నాను." అప్పటికే ఫోన్ ఆవిడ చెవి దగ్గరుంది. "సర్జన్ గారిని పిలవండి. అర్జెంట్. ఎనిమిదేళ్ళ పాప, తొమ్మిది వారాల కిందట తలకి దెబ్బ... అవును, ఇప్పుడే బయల్దేరుతున్నాం."

గంటన్నర తర్వాత ఆసుపత్రిలో స్కానింగు ఫిల్ము వెలుతురులో వేలాడింది. పుర్రెకీ మెదడుకీ మధ్య, కుడివైపు, నెత్తురు. ప్రమాదం రోజున కంటికి ఆననంత సన్నటి చెమ్మ. వారం వారం బొట్టుబొట్టుగా ఊరి, ఇప్పుడు కుడి మెదడుని పక్కకి నొక్కేస్తోంది. మన ఎడమవైపుని చూసుకునేది ఆ కుడి మెదడేనట. "ఇప్పుడే ఆపరేషన్" అన్నాడు సర్జన్. "సంతకం ఎవరు పెడతారు?"

భర్త పనిలోంచి తిన్నగా వచ్చాడు, చేతులకి గ్రీజుతో, వెనక తన తల్లిని పెట్టుకుని. సంతకం పెట్టాడు. ఆపరేషన్ గది తలుపు మూసుకున్నాక, అడక్కుండానే అంతా చెప్పింది భార్య. ఘనాల సంగతి, బ్యాండు సంగతి, ప్లేటు సంగతి. ఒక్కటీ దాచలేదు. అతను వింటూ వింటూ గోడకి జారగిలబడ్డాడు.

"పదకొండు రోజులు..." అన్నాడు. "ఒకే ఇంట్లో ఉన్నాం. నాతో ఒక్క మాట చెప్పలేదు! నువ్వు... వెళ్ళిపో. నా కళ్ళకి కనపడకు!"

"వెళ్తానండీ. అది కళ్ళు తెరిచాక వెళ్తాను. ఒక్కసారి చూసి..." ఆమె వరండా చివరికి వెళ్ళి నేల మీద కూర్చుంది. అత్తగారు ఏదో అనబోయింది. ఆ మూసిన తలుపు వైపు చూసి, దాని పక్కనే చతికిలబడింది.

రెండు గంటలు. తలుపు తెరుచుకుంది.

"నెత్తురు తీసేశాం. గండం గడిచింది" అన్నాడు సర్జన్, మాస్కు లాగేస్తూ. "ఇంకో నాలుగు రోజులు ఆగుంటే నేను చెయ్యగలిగింది ఏమీ ఉండేది కాదు. ఎవరు పట్టుకున్నారు దీన్ని?"

డాక్టరమ్మ వరండా చివరికి వేలు చూపించింది. "ఆ తల్లి. ఈ మధ్యాహ్నం అంతా బాగుందని నేను సంతకం పెట్టి కాగితం ఇచ్చేశాను. తీసుకుని వెళ్ళిపోయుంటే అడిగేవాళ్ళు లేరు. వెనక్కి వచ్చింది. తన కాపురం కూలుతుందని తెలిసే వచ్చింది." అప్పుడు భర్త వైపు తిరిగింది. "ఆవిడ దాచింది తప్పే. చాలా పెద్ద తప్పు. కానీ బాబూ, ఒక్కటి అడుగుతాను. తప్పు ఒప్పుకుంటే ఉరే అని ముందే చెప్పిన ఇంట్లో, నిజం ఎవరు చెబుతారు?"

అతను లేచి, వరండా చివరికి నడిచి, భార్య పక్కన నేల మీద కూర్చున్నాడు. అతని గ్రీజు చెయ్యి వచ్చి ఆమె చేతి మీద పడింది. అది చాలు! ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది.

ప్రాణం దక్కింది. కానీ ఎడమ వెంటనే తిరిగి రాలేదు!

"వస్తుంది. కానీ దాన్ని పిలవాలి" అంది డాక్టరమ్మ, వార్డులో. "మంచానికి కుడిపక్కన ఒకరు ఉండండి, పాప భయపడకుండా. ఎడమపక్కన ఇంకొకరు కూర్చుని, ఆ చెయ్యి పట్టుకుని, రోజంతా పలకరిస్తూ ఉండాలి. పాపే ఆ వైపుకి తిరగాలి. మీరు మాత్రం కుడివైపుకి వెళ్ళిపోకూడదు. అటు కూర్చున్నవాళ్ళు పాపకి చాలా రోజులు కనపడరు. ఉన్నారని కూడా తెలియకపోవచ్చు. ఎవరు కూర్చుంటారు?"

"నేను" అంది తల్లి.

అంతకంటే పెద్ద శిక్ష ఏ కోర్టూ వెయ్యలేదు! చేతికి అందేంత దూరంలో కూతురు. నానమ్మ వైపు చూసి నవ్వుతుంది. నానమ్మ తినిపిస్తే తింటుంది. నాన్న వచ్చి కుడిపక్కన నిలబడితే చెయ్యి చాస్తుంది. "అమ్మ ఏది నానమ్మా?" అని రోజుకి పదిసార్లు అడుగుతుంది. "అదిగోనే, నీ పక్కనే!" అంటే కుడివైపంతా వెతుకుతుంది. "ఇక్కడున్నానే పిచ్చుకా, నీ చెయ్యి పట్టుకుని ఉన్నానే!" అని తల్లి ఎడమ నుంచి పిలిస్తే, గొంతు వినపడుతుంది, మొహం విప్పారుతుంది... మళ్ళీ కుడివైపే చూస్తుంది. అక్కడ అమ్మ ఉండదు. ఆ చిన్న మొహం మెల్లగా వాడిపోతుంది. ఒక్క అడుగు... ఒక్క అడుగు అటు వేస్తే పిల్ల తనని చూస్తుంది! ఆ అడుగు వెయ్యకుండా తల్లి కుర్చీ అంచులు పట్టుకుని కూర్చునేది. పాఠాలు చెప్పింది, పొడుపుకథలు చెప్పింది, గొంతు బొంగురుపోయేదాకా పిలిచింది. తొమ్మిది రోజులు!

తొమ్మిదో రోజు పొద్దున, పిల్ల "అమ్మకి నామీద కోపమా నానమ్మా?" అని అడిగింది.

అత్తగారు చేతిలోని చెంచా గిన్నెలో పడేసి లేచి నిలబడింది.

"ఇటు రా" అంది కోడలితో.

"వద్దత్తయ్యా. డాక్టరమ్మ గారు..."

"ఆ వైపు ఎవరో ఒకరు ఉండాలంది ఆవిడ. నువ్వే ఉండాలని శాసనం రాయలేదు. నేను కూర్చుంటాను. నన్ను చూడకపోతే దానికొచ్చిన లోటేం లేదు. ముసలి మొహం, ఇన్నేళ్ళూ చూసిందేగా!" చెంగు బొడ్లో దోపుకుంది ఆవిడ. "నోటికొచ్చినట్టల్లా అన్నానే నిన్ను. తొమ్మిది రోజులుగా కళ్ళారా చూస్తున్నాను... నా వల్ల కావట్లేదు. నీకు దణ్ణం పెడతాను, లేచి దాని కంటికి కనపడు!"

ఇద్దరూ మంచం చుట్టూ నడిచి చోట్లు మార్చుకున్నారు. కుడిపక్కకి వచ్చిన తల్లి పిల్ల మొహం మీదికి వంగింది.

"అమ్మా!" పిచ్చుక కళ్ళు ఇంతింతయ్యాయి. "ఎక్కడికెళ్ళిపోయావు? ఎన్నిసార్లు పిలిచానో!"

"ఎక్కడికీ వెళ్ళలేదే... నీ పక్కనే ఉన్నాను. పొద్దస్తమానం ఉన్నాను."

"ఏ పక్కన?"

తల్లి చెప్పలేదు. చెప్పకూడదు. పిల్లే తిరిగి చూసుకోవాలి. ఎడమ నుంచి నానమ్మ గొంతు లేచింది. "ఏమే దొంగపిల్లా! అమ్మ వస్తే నానమ్మని మర్చిపోతావుటే? నేనెక్కడున్నానో చెప్పు చూద్దాం!"

పిచ్చుక కుడివైపు చూసింది. తల్లి భుజం వెనక చూసింది. కాళ్ళ వైపు చూసింది. నుదురు ముడిపడింది. తుప్పుపట్టిన తలుపు కదిలినట్టు, గడ్డం కొంచెం కదిలింది. ఆగింది. మళ్ళీ కదిలింది. ముక్కు సూటిని దాటింది... ఇంకాస్త... ఇంకాస్త! తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

పిల్ల చూపు దుప్పటి మీదున్న తన ఎడమచేతి మీద ఆగింది, కొత్త వస్తువుని చూసినట్టు. దాన్ని పట్టుకున్న ముడతల చేతి మీద ఆగింది. అక్కణ్ణుంచి పైకి పాకి నానమ్మ మొహం చేరింది. నానమ్మ కళ్ళవెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి. పిచ్చుక ఆ మొహాన్నీ, ఆ కుర్చీనీ చాలాసేపు చూసింది. ఆ తర్వాత అటే చూస్తూ, తల్లిని అడిగింది.

"అమ్మా... నువ్వు కూర్చుంది ఇక్కడేనా?"